జోడు బండి సారథి ఈశ్వరయ్య గారు

రెండు వేల ఎనిమిదవ సంవత్సరం జూన్ తొమ్మిదవ తేదీ, సోమవారం ఉదయం, శ్రీ ఈశ్వరయ్య గారు మన పొరుగు దేశాల సంవాద కేంద్రంలో వాహన చోదకులుగా బాధ్యతలు స్వీకరించారు. శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం మొదలై అప్పటికి మూడు నెలలైనా నిండలేదు. దారి పొడుగునా నాటిన మొక్కలు కర్రల ఊతంతో నిలబడి ఉండేవి; తుక్కుగూడ అంచున మన భవనం గోడలకు సున్నం తడి ఆరలేదు; డైరెక్టర్ అనుపమ గారి గదికి తలుపు ఉండేది గాని గడియ ఉండేది కాదు. అన్నీ అసంపూర్ణంగా ఉన్న ఆ ప్రాంగణంలోకి సంపూర్ణమైన మీసంతో ప్రవేశించిన ఏకైక వ్యక్తి ఈశ్వరయ్య గారు.

ఈ ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన వారు పదవీ విరమణ చేస్తున్న శుభ సందర్భంలో వెలువడుతున్న ఈ సంచికకు నాలుగు మాటలు రాసే గౌరవం నాకు దక్కింది. సామాను గది తాళాలు ఎవరికీ అప్పగించడానికి మనసొప్పక విరమణ వయసు దాటినా ఇక్కడే కొనసాగుతున్న నాకు ఆ పని పెడుతూ అనుపమ గారు, "జంగయ్య గారూ, దయచేసి జరిగినవే రాయండి" అని హెచ్చరించారు. జరిగినవే రాస్తున్నాను. ఒకటి రెండు చోట్ల జరగవలసినవి కూడా వచ్చి కలిస్తే, పెద్దవాణ్ణి, మన్నించాలి.

ఈ సంచికను చదివే కుటుంబ సభ్యుల కోసం మన కేంద్రం చేసే పనిని ముందుగా చెప్పాలి. భారత, పాకిస్తాన్ ప్రభుత్వాలు పరస్పరం మాట్లాడుకోలేని కాలంలో మాట పూర్తిగా ఎండిపోకుండా, ఇరువైపులా పదవులు వదిలిన రాయబారులను, సైనికాధికారులను, వైద్యులను, అధ్యాపకులను ఒకచోట కూర్చోబెట్టడం మన విధి. శిక్షాకాలం ముగిసిన ఖైదీలను ఇళ్లకు పంపడం, రోగులకు ప్రయాణానుమతి ఇవ్వడం, ఒక పక్క సైన్యం కదిలితే రెండో పక్క కంగారు పడకుండా ముందుగా ఫోను చేయడం వంటి సంగతుల మీద వారు మూడేసి రోజులు తర్జనభర్జన పడి, తాము అంగీకరించినదాన్ని తమ తమ ప్రభుత్వాలకు విన్నవిస్తారు. వీటికి విశ్వాస కల్పన చర్యలని పేరు. ఈ పెద్ద మాట వెనక ఎంత చిన్న మనుషుల ఎంత పెద్ద నిరీక్షణ ఉంటుందో మన కేంద్రంలో అందరికంటే బాగా తెలిసినవారు ఈశ్వరయ్య గారు. ఎందుకో ఇక్కడే చెప్పడం ధర్మం.

మంఖాల్ గ్రామంలో సేద్యగాళ్ల ఇంట జన్మించిన ఈశ్వరయ్య గారు నేను చదివిన బడిలోనే, నేను విరగ్గొట్టి వచ్చిన బల్ల మీదనే విద్యాభ్యాసం చేశారు. ఆ తరువాత షాద్‌నగర్ కర్మాగారాల లారీలు నడుపుతూ, తండ్రి లేని ఇంటికి తానే తండ్రియై, తనకంటే ఎంతో చిన్నవాడైన తమ్ముడు బాలమల్లును పెంచి పెద్ద చేశారు. బాలమల్లు సైన్యంలో చేరాడు. రెండు వేల మూడు జనవరిలో, నియంత్రణ రేఖకు ఆనుకుని మంచు కొండల మీద ఉన్న ఒక చౌకీ నుంచి గస్తీకి వెళ్లిన దళం మంచు తుఫానులో చిక్కుకుంది. మిగిలినవారు తిరిగి వచ్చారు, బాలమల్లు రాలేదు. దేహమూ దొరకలేదు. జాడ తెలియలేదన్న మాట ఒక్కటే ఇంటికి చేరింది. కొన్నేళ్ల తరువాత చట్టం ఆయనను మృతుల్లో చేర్చింది. ఆయన భార్య శోభ గారు చేర్చలేదు.

మంఖాల్ అంగన్‌వాడీలో పిల్లలకు అన్నం వండి పెట్టే శోభ గారికి అప్పటికి పెళ్లయి ఏడాది కూడా కాలేదు. నుదుట బొట్టు ఉంచుకున్నందుకు కొందరు, ఉంచుకుని నవ్వినందుకు మరికొందరు ఆమెను మాటలన్నారు. మీ ఆయన ఫలానా జైల్లో ఉన్నాడంటూ మోసగాళ్లు ఫోన్లు చేశారు. ఒక్కొక్క ఫోనుతో ఆమెకు ఒక్కొక్క ఏడాది వయసు పెరిగింది. ఆమె కోరినది ఎముకలు కాదు, పతకం కాదు. "ఉన్నడా, లేడా? గా ఒక్క మాట తెచ్చియ్యి బావా" అని భర్త అన్నగారైన ఈశ్వరయ్య గారిని అడిగారు. ఆ మాట కోసమే ఈశ్వరయ్య గారు లారీ దిగి మన బండి ఎక్కారు.

ఈ విషయాన్ని వారు దాచలేదు. ఉద్యోగానికి వచ్చిన రోజున బల్లకు ఇటు వారు, అటు అనుపమ గారు, గోడ పక్క కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తూ నేను.

"మీ తమ్ముడు తప్పిపోయింది ఆ సరిహద్దులోనే కదా. అవతలి వాళ్లను మీ బండిలో కూర్చోబెట్టుకుని నడపగలరా?" అని అడిగారు అనుపమ గారు.

"అందుకే వచ్చిన మేడం. అటు దిక్కు మనుషులు మా ఊరి పక్కపొంటి పోతరంటే నేను ఇంట్ల కూసుంటనా?"

"అయితే మీరు వాళ్లను ఏమీ అడగకూడదండీ. సొంత విషయం ఏదీ అతిథుల దగ్గర ఎత్తనని సంతకం పెట్టాలి. ఒక్కరు అడిగినా ఈ కేంద్రాన్ని అటువాళ్లూ నమ్మరు, ఇటువాళ్లూ నమ్మరు."

"పెడత. అడుగ. చెవులు మాత్రం ఇంటికాడ పెట్టి రాలేను మేడం."

ఆమె నవ్వలేదు. కలం ఇచ్చారు. ఆయన సంతకం పెట్టారు. ఆ సంతకాన్ని ఆయన నిలబెట్టుకున్న తీరే ఈ వ్యాసానికి విషయం.

రెండు వేల పదిలో జరిగిన తొలి సమావేశానికి అతిథులను తీసుకురావడానికి రెండు వ్యానులు సిద్ధం చేశారు: ఒకటి మనవారికి, ఒకటి అటువారికి. విమానాశ్రయం దగ్గరే ఒక వ్యాను మొరాయించింది. ఈశ్వరయ్య గారు దాని కింద దూరి, పైకి వచ్చి, మీసానికి అంటిన నల్లటి నూనె తుడుచుకుని, రెండో వ్యానులోకి సామాను ఎత్తించి, కేంద్రం నుంచి పిలిపించిన చిన్న కార్లలో ఎవరు ఏ దేశమో చూడకుండా ముందు నిలబడినవారిని ముందు ఎక్కించేశారు. ఇటు వైపు ఒకరు, అటు వైపు ఒకరు, నడుమ ఒక చేసంచి. దౌత్య శాస్త్ర ప్రకారం ఇది ఘోరాపరాధం. కేంద్రం వాకిట కార్లు ఆగేసరికి మొదటి బండిలోంచి దిగిన ఇద్దరు వృద్ధ రాయబారులు మోకాలి నొప్పికి ఏ నూనె మంచిదన్న విషయంలో పూర్తి ఏకాభిప్రాయానికి వచ్చి ఉన్నారు. మూడు రోజుల సమావేశంలో కుదిరిన మొదటి ఒప్పందం అదే. ఆనాటి నుంచి ప్రతి బండిలో అటొకరు ఇటొకరు కూర్చోవడం మన కేంద్రపు ఆచారమైంది. ఏ నియమావళిలోనూ లేని ఈ పద్ధతికి "జోడు బండి" అన్న పేరు మాత్రం స్థిరపడింది.

దారి మరీ చిన్నది కావడం ఈశ్వరయ్య గారికి నచ్చలేదు. విమానాశ్రయం దాటి రింగు రోడ్డు ఎక్కితే తుక్కుగూడ ఎంతసేపు? మనుషులు గొంతు సవరించుకునేలోపు వచ్చేస్తుంది. అందుచేత వారు తుక్కుగూడలో తిరగవలసిన మలుపు తిరగకుండా శ్రీశైలం రోడ్డు పట్టి మంఖాల్ దాకా వెళ్లి, ఊరి సందుల్లో ఒక ప్రదక్షిణం చేసి, "అయ్యయ్యో, తొవ్వ తప్పినం సాబ్" అని వెనక్కి తిప్పేవారు. మంఖాల్‌లో పుట్టి, మంఖాల్‌లో పెరిగి, మంఖాల్‌లో ఇల్లు కట్టుకుని, ఏటా క్రమం తప్పకుండా మంఖాల్‌లో దారి తప్పిన పురుషుడు చరిత్రలో మరొకరు లేరు. ఒకసారి అటు వైపు నుంచి వచ్చిన ఒక విశ్రాంత మహిళా రాయబారి కిటికీలోంచి చూసి, "డ్రైవర్ సాబ్, ఈ బర్రెను మనం ఇందాకే చూశాం కదా" అని ఉర్దూలో నిలదీశారట.

"అది వేరే మేడం. ఇది దాని చెల్లె" అని వీరి సమాధానం.

ఇంకొకసారి ఇద్దరు ఆచార్యులు ఒక నది నీళ్ల గురించి ఎంత తీవ్రంగా వాదించుకున్నారంటే, తుక్కుగూడ దగ్గరే డీజిలు అయిపోయిన బండి ఆ వాదన వేడి మీదనే కేంద్రం దాకా వచ్చిందని, దిగి ఇద్దరూ కరచాలనం చేసుకోగానే టక్కున ఆగిపోయిందని చెబుతారు. చెప్పేది నేనే. చూడలేదనేవారు ఆ రోజు బండిలో లేరు. నిజానికి నేనూ లేను.

రెండు వేల పధ్నాలుగులో వారు వాహన విభాగ పర్యవేక్షకులుగా పదోన్నతి పొందారు. కొత్తగా చేరిన చోదకులకు వారు నేర్పిన మొదటి పాఠం లోపలి అద్దం గురించి. అతిథులు ఎక్కగానే వెనక సీటు కనబడే ఆ అద్దాన్ని వారు పైకప్పు వైపు తిప్పేసేవారు. "ఎనుక కూసున్నోళ్లు ఏడ్చినా నవ్వినా మన సొమ్ము గాదు బిడ్డా. తొవ్వ చూడు" అనేవారు. తిట్టినప్పుడు కూడా ఎవరినీ వారి ఊరిని బట్టి తిట్టలేదు, కులాన్ని బట్టి తిట్టలేదు. గేరు వేసిన తీరును బట్టి మాత్రమే తిట్టారు. సమయపాలనలో విమానాలు వారిని చూసి సిగ్గుపడేవి. సెలవు అడిగింది తక్కువ, ఇతరుల సెలవుకు తాను నిలబడింది ఎక్కువ.

ఈ గౌరవాల మధ్య ఒక బాధ ఏటేటా పేరుకుపోతూ వచ్చింది. అటు వైపు నుంచి సైనికాధికారి ఎవరైనా వస్తే ఆ బండి ఈశ్వరయ్య గారే నడిపేవారు. తన తమ్ముడు తప్పిపోయిన కొండలను ఎరిగిన మనిషి తన వీపు వెనక కూర్చుని వాతావరణం గురించి, మనవల గురించి మాట్లాడుతుంటే, పైకప్పును చూస్తున్న అద్దం కింద ఆయన ఒక్క ప్రశ్నను మింగుతూ దారి చూసేవారు. సాయంత్రం ఆయన స్కూటరు చప్పుడు వినగానే శోభ గారు పక్కింటి వాకిట్లోకి వచ్చేవారు.

"ఏమన్న తెలిసిందా బావా?"

"ఇంక లేదు శోభా."

సమావేశం జరిగిన ప్రతి ఏడూ ఈ రెండు మాటలే. ఒకసారి నేను పట్టలేక, "ఒక్కసారి అడిగితే ఏమైతది ఈశ్వరయ్యా? ఎవడన్న ఉరేస్తడా?" అన్నాను.

"నేను అడిగిననుకో అన్నా, రేపు అటు సాబ్ బండ్ల నోరు తెరుస్తడా? నాకు నోరున్నదని తెలిస్తె ఆయన నోరు మూసుకుంటడు" అన్నారు. నేను సామాను గదికి పోయి కుర్చీలు లెక్కపెట్టుకున్నాను.

రెండు వేల పద్దెనిమిది నవంబరు సమావేశానికి అటు నుంచి విశ్రాంత బ్రిగేడియర్ ముజమ్మిల్ సాహెబ్ విచ్చేశారు. తెల్లగడ్డం, చేతికర్ర, ఎండలో కూడా మెడకు ఉన్ని మఫ్లరు. జోడు బండిలో వారి పక్కన మన వైపు ఒక విశ్రాంత కర్నల్ గారు కూర్చున్నారు. ఇద్దరూ ఒకే కొండకు అటొకరు ఇటొకరు పనిచేశారని బండి రింగు రోడ్డు ఎక్కకముందే తేలింది. ఆ తరువాత వెనక సీట్లో ఉర్దూలో జరిగిన సంభాషణను కర్నల్ గారు నాకు స్వయంగా చెప్పారు గనుక ఇందులో నా చేయి లేదు.

"రెండు వేల మూడు చలికాలం. మంచు తుఫాను తరువాత మా కింది చౌకీవాళ్లకు మీ దళం మనిషి ఒకడు దొరికాడని విన్నాను" అన్నారట బ్రిగేడియర్ సాహెబ్.

"ప్రాణాలతోనా?" అని అడిగారు కర్నల్ గారు.

"నేను అడగలేదు. నన్ను అప్పుడే వేరే చోటికి బదిలీ చేశారు. ఆ రోజుల్లో అడగాలని కూడా అనిపించలేదు. ఈ వయసులో అనిపిస్తోంది."

బండి తుక్కుగూడ దాటింది. మంఖాల్ దాటింది. ఊరి సందుల్లోకి తిరగలేదు, వెనక్కీ తిరగలేదు. శ్రీశైలం రోడ్డు మీద అలా పోతూనే ఉంది. చాలా దూరం పోయాక కర్నల్ గారు ముందుకు వంగి, "ఈశ్వరయ్యా, మల్లన్న దర్శనానికి తీసుకుపోతున్నావా ఏంది?" అని హాస్యమాడారు. బండి పక్కకు ఆగింది. ఎనిమిదేళ్లుగా దారి తప్పినట్టు నటించిన మనిషి ఆ పూట నిజంగా తప్పారు. "మాఫ్ చెయ్యుండ్రి సాబ్" అన్న ఒక్క మాట తప్ప ఏమీ అనకుండా బండి తిప్పి, అతిథులను వేళకు వాకిట దింపి, నేరుగా డైరెక్టర్ గారి గదికి వెళ్లారు.

అడగనని సంతకం పెట్టిన మనిషి, అడగడానికి అనుమతి అడగడానికి వెళ్లారు. అనుపమ గారు ఇరువైపుల ప్రతినిధి వర్గాల పెద్దలతో మాట్లాడారు. సమావేశానికి సంబంధం లేకుండా, మనిషికీ మనిషికీ మధ్య మాటగా, మరునాడు మధ్యాహ్నం తోటలో కలవడానికి అందరూ ఒప్పుకున్నారు. శోభ గారు మంఖాల్ నుంచి వచ్చారు. నేను చాయ్ తెచ్చాను. తెచ్చిన తరువాత వెళ్లిపోవాలన్న సంగతి నాకు తోచలేదు. శోభ గారు తెలుగులో, సాహెబ్ గారు ఉర్దూలో. నడుమ ఈశ్వరయ్య గారు తమ్ముడి గురించి తానే అటుది ఇటు, ఇటుది అటు మారుస్తూ కూర్చున్నారు.

"పేరు బాలమల్లు. ఎడమ చెవి తమ్మె చినిగి ఉంటది. చిన్నగున్నప్పుడు మేకపిల్ల కొరికింది" అన్నారు శోభ గారు.

ఈశ్వరయ్య గారు ఉర్దూలో చెప్పారు. సాహెబ్ గారు జేబులోంచి కలం తీయలేదు. కాగితం మీద పెట్టుకుంటే దారిలో పదిమంది అడుగుతారని, మనసులోనే పెట్టుకుంటానని చెప్పి, వాఘా సరిహద్దు దాటేదాకా మరిచిపోకూడదన్నట్టు, "బాలమల్లు. ఎడమ చెవి. మేకపిల్ల" అని తెలుగులోనే మూడుసార్లు పలికారు. మేకపిల్ల అన్న మాట ఆయన నోట్లో పడి నానా అవస్థ పడింది. శోభ గారికి నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి ఆయన కళ్లు తుడుచుకున్నారు.

"ఆ చౌకీలో ఉన్న సుబేదార్ బతికే ఉన్నాడు. వాడి ఊరికి వెళ్లి కనుక్కుంటాను. ఫోన్లో చెప్పను. మా వైపు నుంచి ఇటువంటి మాటలు ఫోన్లో నడవవు. మంచి వార్తయినా, చెడ్డ వార్తయినా వచ్చే సమావేశానికి వచ్చి, ఈ అమ్మాయి ఎదురుగా కూర్చుని చెప్తాను" అన్నారు.

ఈశ్వరయ్య గారు తెలుగు చేయడం పూర్తికాకముందే శోభ గారు తలూపారు. "అదే మంచిది. ఫోన్ల చెప్తే నేను నమ్మ" అన్నారు.

వచ్చే సమావేశం రాలేదు. మరుసటి ఏడాది ఇరు దేశాల మధ్య పరిస్థితులు వికటించాయి. ఆ పై ఏడాది మహమ్మారి వచ్చింది. ఆ తరువాత ఏ కారణమూ అవసరం లేకుండానే ఏళ్లు గడిచాయి. సమావేశ మందిరంలో కుర్చీలకు తెల్లగుడ్డలు కప్పాను. ఈశ్వరయ్య గారు మాత్రం వారానికొకసారి ప్రతి బండినీ కడిగి, బ్యాటరీలు చచ్చిపోకుండా విమానాశ్రయం దాకా ఖాళీగా నడిపి తెచ్చేవారు. "ఎవరిని దించి వస్తున్నవ్ ఈశ్వరయ్యా?" అని నేను వేళాకోళం చేసేవాణ్ణి. "రానోళ్లను అన్నా" అనేవారు. కొన్నాళ్లకు ఆ వేళాకోళం చేయడం మానేశాను. నా వంటివాడు వేళాకోళం మానేశాడంటే పరిస్థితి ఎంతవరకు వచ్చిందో పాఠకులు ఊహించుకోవచ్చు.

పోయిన సంవత్సరం వేసవి మొదట్లో, అనుపమ గారి సుదీర్ఘ ప్రయత్నం ఫలించి, ఒక చిన్న సమావేశానికి అనుమతులు లభించాయి. బ్రిగేడియర్ సాహెబ్ దుబాయి మీదుగా వస్తున్నారని తెలిసింది. ఆ ఉదయం ఈశ్వరయ్య గారు, ఆయన వెంట శోభ గారు, పూలదండలతో నేను, శంషాబాద్‌లో ప్రయాణికులు బయటికి వచ్చే ద్వారం ముందు నిలబడ్డాము. ఈశ్వరయ్య గారి చేతిలో సాహెబ్ పేరు రాసిన అట్ట. శోభ గారు కొత్త చీర కట్టుకున్నారు.

"ఏడేండ్లాయె బావా. నన్ను గుర్తు పడతడా?"

"నిన్ను కాకున్నా మేకపిల్లను గుర్తు పడతడు" అన్నారు ఈశ్వరయ్య గారు.

"దండలు వాడుతున్నయి. విమానాన్ని జర జల్ది దించుమను, నువ్వు పర్యవేక్షకునివి గద" అన్నాను నేను.

"నేను బండ్లకు అన్నా. విమానాలకు వేరే ఉన్నరు."

దుబాయి విమానం దిగింది. సంచుల బండ్లు తోసుకుంటూ ప్రయాణికులు వచ్చారు, వారి కోసం వచ్చినవారు వారిని కౌగిలించుకున్నారు, గుంపు పలచబడింది, ద్వారం ఖాళీ అయింది. తెల్లగడ్డం రాలేదు. అప్పుడు ఈశ్వరయ్య గారి ఫోను మోగింది. కేంద్రం నుంచి అనుపమ గారు. సరిహద్దులో మళ్లీ నిప్పు రాజుకుందని, ప్రయాణానుమతులన్నీ రద్దయ్యాయని, సాహెబ్ గారిని దుబాయిలోనే ఆపేశారని, కాసేపట్లో వెనక్కి పంపుతున్నారని ఆమె చెప్పారు. "ఆయన లైన్లోనే ఉన్నారు ఈశ్వరయ్య గారూ. మీతోనే మాట్లాడతానంటున్నారు. కలుపుతున్నాను" అన్నారు.

ఆ తరువాతి మాటలు ఈశ్వరయ్య గారు ఆనాడే మాకు చెప్పినవి. సాహెబ్ గారు ఇలా అన్నారు: "ఈశ్వర్ భాయ్, సుబేదార్‌ను కలిశాను. తెలుసుకున్నాను. ఎదురుగా కూర్చుని చెప్తానని మాట ఇచ్చాను, నన్ను రానివ్వలేదు. ఇక్కడి నుంచైతే చెప్పగలను. ఇంటికి వెళ్లాక చెప్పలేను. మీరు వింటారా? అమ్మాయికి చెప్పనా?"

ఇరవై రెండేళ్లుగా తాను మోస్తున్న ప్రశ్నకు జవాబు ఆ క్షణాన ఈశ్వరయ్య గారి చెవికి ఆనుకుని ఉంది. తమ్ముడు ఆయన తమ్ముడు. ఫోను ఆయన ఫోను. చెప్పండి సాబ్ అంటే చాలు. ఆయన అనలేదు. "ఒక్క నిమిషం సాబ్" అని, ఫోనును ఛాతీకి అదిమిపెట్టుకుని, శోభ గారికి ఉన్నది ఉన్నట్టు చెప్పారు. చెప్పి, "నీకు ఇనాలని ఉంటే ఇను. నీ కంటె ముందు మాత్రం నేను ఇన" అన్నారు.

శోభ గారు ఆ ఫోను వైపు చూశారు. "గొంతు ఎట్లున్నది బావా ఆయనది?"

"మెల్లగ మాట్లాడుతుండు."

ఆమె పక్కనున్న ఇనుప కుర్చీలో కూర్చున్నారు. కొంగు సర్దుకున్నారు. "ఫోన్ల వద్దు బావా. ఎదురుంగ చెప్తనన్నడు. పెద్దమనిషి. రమ్మను. ఎప్పుడొస్తే అప్పుడే ఇంట."

"ఎన్నేండ్లు పడతదో తెల్వదు శోభా."

"ఇన్నేండ్లు నువ్వు అడగకుంట బండి నడిపినవ్. నేను ఇనకుంట ఉండలేనా?"

ఈశ్వరయ్య గారు ఫోను చెవికి పెట్టుకున్నారు. "సాబ్, మీరే రావాలె. బండి తయారుగ ఉంటది" అని ఉర్దూలో చెప్పారు. అటు వైపు నుంచి "నా వయసు డెబ్బై తొమ్మిది, భాయ్" అని వినిపించిందట. "సల్లంగ ఉండుండ్రి సాబ్" అన్నారు ఈశ్వరయ్య గారు. ఫోను ఆగిపోయింది. తిరుగు ప్రయాణంలో జోడు బండి వెనక సీట్లో శోభ గారొక్కరే కూర్చున్నారు. ఈశ్వరయ్య గారు అలవాటు ప్రకారం అద్దాన్ని పైకి తిప్పారు. దండలు నా ఒళ్లో ఉన్నాయి.

ఆ తరువాత ఆ ముగ్గురినీ మూడో దేశంలో కలపడానికి అనుపమ గారు రెండుసార్లు ప్రయత్నించారు. సాహెబ్ గారికి దేశం దాటే అనుమతి రాలేదు. ఆ జవాబు ఏమిటో మన కేంద్రంలో ఎవరికీ తెలియదు. తెలుసుననుకునేవారు, ఎందుకంటే మెల్లగా మాట్లాడిన గొంతును బట్టి అందరికీ ఏదో ఒకటి తోస్తుంది, దయచేసి అది తమలోనే ఉంచుకోవాలి. శోభ గారి నుదుటి మీద ఉన్న బొట్టు ఇవాళ్టికీ అలాగే ఉంది. దానికి ఒక నిర్ణయం చెప్పే అధికారం ఉన్న మనిషి ఒక్కరే ఉన్నారు. ఆయన సరిహద్దుకు అవతల ఉన్నారు.

ఇప్పుడు ఈశ్వరయ్య గారు విరమిస్తున్నారు. వీడ్కోలు బహుమతిగా ఏమి కావాలని కేంద్రం తరఫున అడిగాము. చేతిగడియారమని, వెండి పళ్లెమని మాలో మేము పందెం కాసుకున్నాము. వారు అడిగినది వేరు: "మల్ల ఎప్పుడన్న ముజమ్మిల్ సాబ్ వస్తుండంటె, గా ఒక్క బండి నాకియ్యుండ్రి. కొత్త పిలగాడు మంచిగనే నడుపుతడు గాని, తొవ్వ జల్ది దొరుకుతది వానికి." అనుపమ గారు ఆ కోరికను ఆమోదించారు. కొత్త చోదకుడు కూడా ఆమోదించాడు, కొంచెం నొచ్చుకుని.

ఇటువంటి వ్యాసాల చివర ఆయురారోగ్యాలు కోరడం మర్యాద. ఈశ్వరయ్య గారి విషయంలో నేను దాన్ని మర్యాద కోసం కోరడం లేదు. వారికి చక్కెర జబ్బు ఉంది. చాయ్‌లో చక్కెర లేదని చెప్పి మూడు చెంచాలు వేయించుకునే అలవాటూ ఉంది. అది ఈ రోజు నుంచి మానాలి. కంటికి శస్త్రచికిత్స వాయిదా వేస్తున్నారు, వెంటనే చేయించుకోవాలి. దేశాలకు వయసు లేదు గనుక అవి ఎంతకాలమైనా అలిగి కూర్చోగలవు. ఈ ముగ్గురికీ వయసు ఉంది. వీరిలో ఏ ఒక్కరు ముందుగా వెళ్లిపోయినా, ఆ మాటకు చెప్పేవారో, వినేవారో, నడుమ కూర్చుని తెలుగు చేసేవారో లేకుండా పోతారు.

కాబట్టి ఈశ్వరయ్య గారు స్టీరింగు పట్టే చేతుల్లో పట్టు తగ్గకుండా, శోభ గారు గుండెలో ధైర్యం తగ్గకుండా, మన సరిహద్దుకు ఆవల, మన శత్రుదేశమని మనం పిలుచుకునే నేల మీద, విశ్రాంత బ్రిగేడియర్ ముజమ్మిల్ సాహెబ్ నూరేళ్లు దాటినా చేతికర్ర వదలకుండా, ఒక బల్ల చుట్టూ ఆ ముగ్గురూ ఎదురెదురుగా కూర్చునే ఉదయం వరకు నిండు ఆరోగ్యంతో జీవించాలని, ఆ మాట ఏదైనా సరే విన్న తరువాత కూడా చాలాకాలం జీవించాలని, మన కేంద్రంలోని వారందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాను.

జంగయ్య
సామాను గది